బొచ్చు రాలని కుక్క కావాలి

పరీక్షల్లో తొంభై శాతం దాటితే ఏదడిగితే అది కొనిస్తానని మావారు మా అమ్మాయికి మాటిచ్చారు. ఇచ్చేముందు నన్నొక్క మాట అడిగుంటే ఇంత గొడవే ఉండేది కాదు. మాటివ్వడం వాళ్ల వంతు, దాన్ని మొయ్యడం మన వంతు. ఇది మా ఇంట్లోనే కాదు, మీ ఇంట్లోనూ ఉన్నదే కదా! ఏ సైకిలో, ఫోనో అడుగుతుందని ఆయన ధీమా. తొంభై రెండు తెచ్చుకుని, "నాకు కుక్కపిల్ల కావాలి" అంది మా పిల్ల.

నేను నోరు తెరిచేలోపే ఓ నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వేమంటావో నాకు తెలుసమ్మా. ఇల్లంతా బొచ్చు అంటావు. నానమ్మకి ఆయాసం అంటావు. అందుకే బొచ్చు రాలని జాతులే రాసుకొచ్చాను, చూడు" అంది. పూడిల్, షిట్జూ, లాసా ఆప్సో, మాల్టీస్, యార్క్‌షైర్ టెరియర్, బిషాన్ ఫ్రీజ్. ఒక్కో పేరు పక్కన ఒక్కో బొమ్మ. అన్నీ ముద్దుగానే ఉన్నాయి. బొమ్మలకేం, అవి అర్ధరాత్రి అరవవు, సోఫా కొరకవు.

"కుదరదు" అన్నాను. మా అత్తయ్యగారు నా వైపు మాట్లాడతారనుకున్నాను. ఆవిడకి పదేళ్లుగా ఉబ్బసం. పొద్దునా సాయంత్రం ఇన్హేలర్ ఉండాల్సిందే. చలికాలం వస్తే రాత్రిళ్లు ఆవిడ గదిలోంచి పిల్లికూతలు వినిపిస్తాయి, నాకు నిద్ర పట్టదు. అలాంటిది ఆవిడే, "పిల్ల అంత ఆశపడుతోంది, చూడండర్రా. మీ మావయ్యగారు పోయాక మధ్యాహ్నం పూట ఈ ఇంట్లో గోడలు తప్ప నాకెవరున్నారు" అన్నారు. ఆ మాటకి ఇంకేం జవాబు చెప్తాం?

అందరూ నన్నే చూస్తున్నారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. నాకు భయం బొచ్చంటే కాదు. అది నాకు మాత్రమే తెలుసు.

నా చిన్నప్పుడు తెనాలిలో మాకో తెల్లటి బొచ్చుకుక్క ఉండేది. అప్పట్లో బొచ్చు ఉన్న ప్రతి తెల్లకుక్కనీ పామరేనియన్ అనేవాళ్లం. దాని పేరు రాణి. నాన్నగారి స్నేహితుడెవరో ఇస్తే సంచిలో పెట్టుకుని తెచ్చేశారు. ఏడాది తిరిగేసరికి ఇల్లంతా తెల్లబొచ్చు. మడతపెట్టిన చీరల మీద, పప్పు డబ్బా మూత మీద, దేవుడి పటాల మీద కూడా. అమ్మ రోజుకి మూడుసార్లు ఊడ్చేది. మా నాయనమ్మకి ఆయాసం ఎక్కువైంది. డాక్టరు కుక్కని పంపెయ్యమన్నారు. పక్క ఊళ్లో తెలిసినవాళ్ల రైసుమిల్లుకి ఇచ్చేశారు.

రెండు నెలల తర్వాత నాన్నతో పాటు ఆ మిల్లుకి వెళ్లాను. నాకప్పుడు పదేళ్లు. రాణి గొలుసుతో గుంజకి కట్టేసి ఉంది. ఒళ్లంతా తవుడు దుమ్ము, బొచ్చు ఉండలు కట్టేసి ఉంది. నన్ను చూసి గొలుసు తెగేలా గుంజింది. నాన్నగారు అటు చూడకుండా బియ్యం లెక్క మాట్లాడుకుని నన్ను చెయ్యి పట్టుకుని తెచ్చేశారు. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ ఒక్కటే మాట అంది. "తెచ్చేటప్పుడూ నన్నడగలేదు, పంపేటప్పుడూ నన్నడగలేదు. మధ్యలో బొచ్చు ఊడ్చింది మాత్రం నేనే."

ఆ మాట ముప్పయ్యేళ్లు నాలోనే ఉండిపోయింది. మళ్లీ ఒక మూగజీవాన్ని తెచ్చి, ఆవిడకి పడలేదని పంపించెయ్యడం నావల్ల కాదు. తెస్తే ఉండాలి. ఉండాలంటే ముందే అన్నీ తెలుసుకోవాలి. అలా మొదలైంది నా చదువు.

మొదట తెలిసిన సంగతి, పొట్టి బొచ్చు కుక్కలకి రాలదనుకోవడం ఉత్త భ్రమ అని. లాబ్రడార్‌కి పైన ఒక వరస, లోపల మెత్తగా ఇంకో వరస బొచ్చు ఉంటుంది. ఆ లోపలిది రాలడం మొదలుపెడితే మాపు పెట్టి తుడిచినా పోదు. ఇంత చిన్న పగ్‌కి కూడా బాగా రాలుతుంది. పైగా ఆ పొట్టి వెంట్రుకలు సోఫా గుడ్డలో సూదుల్లా దిగుతాయి. మా పిల్ల రాసుకొచ్చిన జాతుల సంగతి వేరు. వాటి వెంట్రుక మన తలవెంట్రుకలా చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది, ఓ కొలత దగ్గర ఆగి రాలిపోదు. అంటే రాలడం బాగా తక్కువ. అసలు రాలని కుక్క మాత్రం లేదు. రాలిన ఆ కాసిని వెంట్రుకలూ కింద పడవు, మిగతా బొచ్చులోనే చిక్కుకుంటాయి. రోజూ దువ్వకపోతే ఉండలు కడతాయి. ఆ ఉండల కింద చర్మం పుండు పడుతుంది, గోమార్లు దాక్కుంటాయి. నాకు రాణి ఒంటి మీది ఉండలు గుర్తొచ్చాయి.

అంటే ఏమిటన్నమాట? పని పోలేదు. చీపురు దగ్గర్నుంచి దువ్వెన దగ్గరికి వచ్చింది, అంతే.

రెండో సంగతి అత్తయ్యగారిని ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు తెలిసింది. బొచ్చు రాలకపోతే అలర్జీ రాదని మేమంతా అనుకుంటున్నాం కదా, ఆయన నవ్వారు. "అమ్మా, అలర్జీ బొచ్చు వల్ల కాదు. కుక్క లాలాజలంలో, చర్మం మీంచి రాలే పొట్టులో, మూత్రంలో ఉండే ప్రొటీన్ల వల్ల. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, ఆ ఉమ్మి బొచ్చు మీద ఆరి గాల్లో కలుస్తుంది. ఏ జాతికైనా ఉమ్మి ఉంటుంది, చర్మం ఉంటుంది" అన్నారు.

ఇంటికొచ్చి వెతికితే ఆయన మాటే నిజమని తేలింది. 2011లో అమెరికాలో, డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు ఒక్కో కుక్క ఉన్న 173 ఇళ్లలో దుమ్ము తీసి పరీక్షించారట. అలర్జీ రాదని పేరున్న జాతుల ఇళ్లకీ, మామూలు కుక్కల ఇళ్లకీ ఆ ప్రొటీన్‌లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మరి ఒబామా గారు కూతురి అలర్జీ కోసమని 2009లో పోర్చుగీస్ వాటర్ డాగ్‌ని ఏరి తెచ్చుకున్నారు కదా అని మా పిల్ల వాదించింది. తెచ్చుకున్నారు. ఒకరికి ఒక కుక్క పడవచ్చు. ఆ జాతి మొత్తం అందరికీ పడుతుందని మాత్రం కాదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన కథ ఒకటి చెప్పాలి. ఆస్ట్రేలియాలో వాలీ కాన్రన్ అని, చూపులేనివాళ్లకి దారి చూపించే కుక్కల్ని తయారుచేసే సంస్థలో పనిచేసేవారు. హవాయిలో ఉన్న ఒకావిడకి అలాంటి కుక్క కావాలి, ఆవిడ భర్తకేమో కుక్కలంటే అలర్జీ. పూడిళ్లని ప్రయత్నించి చూస్తే ఆ పనికి కుదరలేదు. ఆఖరికి 1989లో లాబ్రడార్‌నీ పూడిల్‌నీ కలిపారు. మూడు పిల్లలు పుట్టాయి. ఆ మూడింటి బొచ్చూ లాలాజలమూ హవాయికి పంపించి చూస్తే, ఒక్కదానికి మాత్రమే ఆయనకి అలర్జీ రాలేదు. ఒక తల్లి కడుపున, ఒకే కాన్పులో పుట్టిన మూడింట్లో ఒక్కటి! ఆ తర్వాత లాబ్రడూడిల్ అన్న పేరు చెప్పి జనం ఎడాపెడా పిల్లల్ని పెట్టించి అమ్ముకోవడం చూసి, ఎందుకు మొదలుపెట్టానా అని ఆయనే బాధపడ్డారు.

ఈ కథ చదివాక నాకు దారి కనిపించింది. జాతిని కాదు, కుక్కని చూడాలి. ఆ కుక్కతో మా అత్తయ్యగారిని కూర్చోబెట్టి చూడాలి.

డాక్టరు ముంజేతి మీద చేసే అలర్జీ పరీక్ష కూడా చేశారు. చుక్కలు వేసి సన్నగా గుచ్చి పావుగంట చూస్తారు, ఏది పడకపోతే అక్కడ దద్దురు లేస్తుంది. ఆవిడకి ఇంటిదుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగుల దగ్గర పెద్ద దద్దురు లేచింది, కుక్క దగ్గర చిన్నది. "తెచ్చుకోమని నేను చెప్పను. తెచ్చుకుంటే మాత్రం ముందు ఆ కుక్క దగ్గర చాలాసార్లు గడిపి చూడండి. పడకగదిలోకి రానివ్వొద్దు. బాగానే ఉంది కదా అని ఇన్హేలర్ మానొద్దు" అన్నారు. ఆ మూడు మాటలూ నోటుపుస్తకంలో మా పిల్లే రాసుకుంది.

మొదట మావారి ఆఫీసులో ఒకాయన ఇంటికి వెళ్లాం. వాళ్లది షిట్జూ. ఇల్లు అద్దంలా ఉంది, ఎక్కడా ఒక్క వెంట్రుక లేదు. మావారు నా వైపు గర్వంగా చూశారు, ఆ కుక్కని తనే కన్నట్టు. నేను ఆ ఇల్లాలితో పాటు వెనక బాల్కనీలోకి వెళ్లాను. అక్కడ ఒక పీట, మూడు రకాల దువ్వెనలు, దూది, కత్తెర. "రోజూ ఇరవై నిమిషాలు దువ్వాలండీ. కళ్ల కింద నీరు కారుతుంది, తుడవాలి. చెవుల్లో కూడా బొచ్చు పెరుగుతుంది, చూసుకోవాలి. ఐదారు వారాలకోసారి కత్తిరించడానికి పార్లరుకి. మొన్న నాకు జ్వరమొచ్చి వారం దువ్వలేదు, ఉండలు కట్టి మొత్తం గొరిగించాల్సొచ్చింది" అంది. ఎవరు దువ్వుతారని అడిగితే, "ఇంకెవరు?" అని నవ్వింది. మనకి తెలిసిన నవ్వే అది.

ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పింది. షిట్జూకి ముక్కు చప్పిడి, ఎండకి ఊపిరాడదు. మా బెజవాడ ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మే నెలలో ఏసీ లేకుండా దాన్ని ఒక్క మధ్యాహ్నం కూడా వదల్లేమంది. కరెంటు పోతే మన సంగతి తర్వాత, ముందు దాని సంగతి చూడాలట.

ఆ తర్వాత కుక్కపిల్లలు అమ్మే ఒకతని దగ్గరికి వెళ్లాం. "బొచ్చు రాలదు, అలర్జీ రాదు, గ్యారంటీ మేడమ్" అన్నాడు. తల్లిని చూపించమంటే మాట మార్చాడు. టీకాల పుస్తకం అడిగితే తర్వాత ఇస్తానన్నాడు. పైగా పిల్ల బొచ్చు చూసి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పలేం, పెద్దబొచ్చు తర్వాతే వస్తుంది. బయటికొచ్చేశాం. దారంతా మా పిల్ల మాట్లాడలేదు.

అప్పుడే అత్తయ్యగారితో రోజూ గుడికి వచ్చే ఒకావిడ తమ ఇంట్లో కుక్క గురించి చెప్పారు. వాళ్లు కొడుకు దగ్గరికి, వేరే దేశం వెళ్లిపోతున్నారు. నాలుగేళ్ల లాసా ఆప్సో, పేరు లడ్డూ. లాసా అంటే టిబెట్ రాజధాని, అక్కడి మఠాల్లో లోపల కాపలాకి పెంచిన కుక్కలట ఇవి. చూడ్డానికి బొమ్మలా ఉన్నా తలుపు దగ్గర అలికిడైతే ఊరుకోదు. పెద్దకుక్క కాబట్టి దాని బొచ్చు ఏమిటో, బుద్ధి ఏమిటో కళ్లముందే ఉంది. కుక్కపిల్లే కావాలని మా పిల్ల కాసేపు మొహం ముడుచుకుంది. లడ్డూ వచ్చి దాని పాదం మీద గడ్డం ఆనించి పడుకున్నాక ఇంకేం అనలేదు.

నేను మాత్రం తొందరపడలేదు. మూడు వారాల పాటు రోజు మార్చి రోజు అత్తయ్యగారిని వాళ్లింటికి తీసుకెళ్లాను. మొదట అరగంట, తర్వాత గంట, తర్వాత ఒక పూటంతా. రాత్రి ఆవిడ ఊపిరి విని కాగితం మీద రాసుకునేదాన్ని. రెండో వారంలో ఒకరోజు పిల్లికూతలు వచ్చాయి. నా గుండె జారిపోయింది. ఆరా తీస్తే ఆ రోజు వాళ్లింట్లో పరుపులు దులిపారని తెలిసింది. దుమ్ము వల్లా, లడ్డూ వల్లా అని తేల్చుకోవడానికి ఇంకో వారం పొడిగించాం. మళ్లీ రాలేదు. డాక్టరుకి ఆ కాగితం చూపిస్తే, "సరే, జాగ్రత్తగా కానివ్వండి" అన్నారు.

అప్పుడు అందర్నీ హాల్లో కూర్చోబెట్టాను. పెళ్లయిన పదిహేనేళ్లలో నేనిలా కూర్చోబెట్టడం అదే మొదటిసారి. రాణి కథ చెప్పాను. మావారికి కూడా నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పి, "దాన్ని తేవడానికి నాకిష్టమే. కానీ నన్నడిగి తేవాలి. ఎవరేం చేస్తారో ముందే తేలాలి" అన్నాను. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. పొద్దున్నే ఆరులోపు నడకకి తిప్పడం, మళ్లీ సాయంత్రం ఎండ చల్లబడ్డాక తిప్పడం అమ్మాయి పని. రాత్రి తొమ్మిదింటికి బాల్కనీలో దువ్వడం, పార్లరు, టీకాలు మావారి పని. బాల్కనీలోనే ఎందుకంటే, దువ్వినప్పుడు లేచే పొట్టు ఇంట్లోకి రాకూడదని. తిండి నేను చూస్తాను. అత్తయ్యగారి గది తలుపు ఎప్పుడూ వేసే ఉండాలి, వారానికోసారి దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. అత్తయ్యగారు మాత్రం దువ్వకూడదు.

చివరి వరస నేనే రాశాను. ఒకవేళ ఆవిడకి పడకపోతే లడ్డూ ఎక్కడికి వెళ్తుంది? పాత యజమానురాలి చెల్లెలు గుంటూరులో ఉన్నారు, ఇంట్లో ఇప్పటికే రెండు కుక్కలున్నాయి. ఫోన్ చేసి అడిగాను. "అవసరమైతే మూడోది నాకు బరువు కాదమ్మా, మొహమాటపడకుండా చెప్పండి" అన్నారు. ఆ పేరూ ఫోన్ నంబరూ రాసుకున్నాకే లడ్డూని తెచ్చుకున్నాం. అశుభం పలకడం ఎందుకన్నారు మావారు. అశుభం కాదు, రైసుమిల్లు గుంజకి కట్టెయ్యకుండా ఉండటానికి అన్నాను. ఇంకేం మాట్లాడలేదు.

వచ్చి ఎనిమిది నెలలైంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటాం. ఎండల్లో బొచ్చు పొట్టిగా కత్తిరించాం, చర్మం కనపడేలా మాత్రం గొరిగించలేదు, ఆ బొచ్చే ఎండ నుంచి కాపాడుతుందట. రోడ్డు మీద అరచెయ్యి ఆనించి చూసి, కాలకపోతేనే నడిపించాం. వానాకాలం తడికి రెండుసార్లు చెవి వెనక ఉండలు కట్టాయి. అత్తయ్యగారికి ఇన్హేలర్ మునుపు ఎంతో ఇప్పుడూ అంతే. తగ్గిందని అబద్ధం చెప్పను, పెరగలేదు, అది చాలు. మధ్యాహ్నం ఆవిడ కుర్చీకి రెండడుగుల దూరంలో లడ్డూ పడుకుంటుంది. ఆవిడ దానితో మావయ్యగారి కబుర్లు చెప్తుంటారు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా సర్దుకుంటాను. చలికాలం ఇంకా ముందుంది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అలాగే ఉంది, నంబరుతో సహా.

మీలో ఎవరైనా పిల్లల పోరు పడలేక బొచ్చు రాలని కుక్క కోసం వెతుకుతుంటే, నాకు తెలిసింది ఒక్కటే. ఏ జాతి అని అడిగే ముందు, రాత్రి తొమ్మిదింటికి దువ్వెన ఎవరి చేతిలో ఉంటుందని అడగండి. ఆ జవాబు తేలితే మిగతావి ఒకటొకటిగా తేలతాయి.

మొన్న అమ్మకి ఫోన్‌లో లడ్డూ అల్లరి చెప్తున్నాను. అంతా విని, "బొచ్చుకుక్కే కదూ? ఎవరు దువ్వుతున్నారు?" అంది.

"మీ అల్లుడు" అన్నాను.

కాసేపు అటునుంచి మాట లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత అమ్మ నవ్వడం వినిపించింది.